ఇమాంని తిన్నది ఎవరి హయాంలో?

"మనిషిని మనిషి తింటున్నాడు! పట్టపగలు తింటున్నాడు! ఉప్పూ కారం వేసుకుని మరీ తింటున్నాడు! ఈ ప్రభుత్వం ఏం చేస్తోందని నేను అడుగుతున్నా!"

మాజీ మంత్రి దశరథరామయ్య గారు నందిగామ పార్టీ ఆఫీసులో పద్నాలుగు మైకుల ముందు కూర్చుని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మరీ ఈ ప్రశ్న వేశారు. ప్రజల కష్టం చూస్తే ఆయన కళ్లు చెమరుస్తాయి. కిందటి ఎన్నికల్లో ఓడిపోయిన దగ్గర్నుంచి మరీ తరచుగా చెమరుస్తున్నాయి. ఆయన తన సెల్‌ఫోన్ని కెమెరాల వైపు తిప్పి నలభై సెకన్ల వీడియో చూపించారు.

సున్నపురాయి క్వారీ. మధ్యలో పొయ్యి మీద పెద్ద గుండిగ. చుట్టూ ఒళ్లంతా బూడిద పూసుకున్న పదిమంది. బండకి కట్టేసిన ఒక మనిషి, "నా పేరు ఇమాం, మాది జగ్గయ్యపేట, నాకు పెళ్లాం ఉంది, నన్ను తినకండి" అని బతిమాలుకుంటున్నాడు. తర్వాత చూస్తే ఇమాం లేడు. పదిమందీ బంతి కట్టి విస్తళ్లలో భోజనం చేస్తున్నారు.

"గురువారం స్వయంగా నేనే జగ్గయ్యపేట వెళ్తున్నా. ఇమాం కుటుంబాన్ని పరామర్శిస్తా. ఆ ఆడబిడ్డ కన్నీళ్లు తుడిచేదాకా నిద్రపోను," అన్నారు దశరథరామయ్య గారు. ఆ రోజు సోమవారం.

సరిగ్గా ఆ సమయానికి ఇమాం జగ్గయ్యపేట బస్టాండు పక్కన ఆటో ఆపుకుని టీ తాగుతున్నాడు. కొట్లో ఉన్న టీవీలో తనని తినేసిన వార్త చూసి గ్లాసు కింద పెట్టాడు.

"ఇమాం బాబాయ్, నిన్ను తినేశారంట గదా?" అన్నాడు కొట్టు యజమాని నిసార్.

"అట్లాగే చెప్తున్నారు."

"ఇవాళ అల్లం ఘాటు ఎక్కువైందా?"

"లేదులే. సరిపోయింది."

జరిగిందేమిటంటే, ఎనిమిదేళ్ల కిందట నందిగామలో పెళ్లిళ్లకి వీడియోలు తీసే ఆత్రేయకి సినిమా తియ్యాలని బుద్ధి పుట్టింది. 'క్వారీ విందు' అని పేరు పెట్టుకుని, చిల్లకల్లు అవతల మూతపడ్డ క్వారీలో పదకొండు రోజుల్లో చుట్టేశాడు. కథ చిన్నదే. క్వారీ మూసేశారు, కూలీలకి పని లేదు, ఆకలేసింది, దారిన పోయేవాళ్లని వండుకున్నారు. నటులు ఆటో డ్రైవర్లూ, బస్టాండు వ్యాపారులూ. ఇమాం పాత్రకి ముందు విక్రమ్ అని పేరు పెట్టాడు. "విక్రమ్!" అని పిలిస్తే ఇమాం కూడా అందరితో పాటు వెనక్కి తిరిగి, ఆ విక్రమ్ ఎవరా అని చూసేవాడు. రెండు రోజులు చూసి, ఎవరి పేర్లు వాళ్లకే ఉంచేశాడు ఆత్రేయ.

ఇమాం కాలేయం పాత్రని మేక కాలేయం పోషించింది. దాన్ని వండింది ఇమాం భార్య కరీమాబీ. షాటు బాగా రాలేదని ఆ పదిమంది నరభక్షకులూ ఏడుసార్లు వడ్డించుకున్నారు.

కెమెరా పెళ్లిళ్లది, కంప్యూటరులో ఉన్నవి కూడా పెళ్లి వీడియోల హంగులే. అందుకని ఇమాం ఆఖరి శ్వాస విడిచే దృశ్యం గుండె ఆకారంలో ముడుచుకుని మాయమవుతుంది. నరభక్షకుల నాయకుడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే పైనుంచి గులాబీ రేకులు రాలతాయి. జగ్గయ్యపేటలో రెండు ఆటలు ఆడి ఎత్తేశారు. కానీ అయిదారేళ్ల తర్వాత హైదరాబాదు ఇంజనీరింగ్ కాలేజీల కుర్రాళ్లు దాన్ని యూట్యూబులో తవ్వి తీశారు. గుంపులుగా కూర్చుని చూడ్డం, డైలాగులు ముందే అరవడం, గులాబీ రేకులు రాలినప్పుడు లేచి నిలబడ్డం మొదలుపెట్టారు. "నాకు పెళ్లాం ఉంది, నన్ను తినకండి" అని చొక్కాల మీద అచ్చేయించుకున్నారు. వాళ్లలో ఎవరో మహానుభావుడు గుండెలూ గులాబీలూ కత్తిరించేసి, 'చిల్లకల్లు దగ్గర దారుణం' అని రాసి వాట్సాప్‌లో పెట్టాడు. అది పన్నెండు గ్రూపులు దాటి దశరథరామయ్య గారిని చేరింది. ఇంతటి వ్యవహారం తనదాకా వస్తే ఇక నిజానిజాలు విచారించుకుంటూ కాలహరణం చేసే మనిషి కాదాయన.

సాయంత్రం ఇమాం అద్దె ఇంటికి వీరేంద్ర వచ్చాడు. దశరథరామయ్య గారి పార్టీకి జగ్గయ్యపేట మండల అధ్యక్షుడు. ఇమాం ఆటోలో తిరిగే మనిషే.

"వీరేంద్ర గారూ, నేను బతికే ఉన్నా గదండీ," అన్నాడు ఇమాం.

"ఉన్నావయ్యా, నేను కాదన్నానా? నిన్న నన్ను చిల్లకల్లులో దింపింది నువ్వే గదా. కానీ ఇది మండల స్థాయి విషయం కాదిప్పుడు. రాష్ట్ర స్థాయికి వెళ్లిపోయింది."

"అది సినిమా అని పెద్దాయనకి చెప్పలేదా?"

"రెండుసార్లు చెప్పా. 'ప్రెస్ మీట్లో నేను చెప్పిన తర్వాత అది సినిమా ఎట్లా అవుద్దయ్యా?' అన్నారు."

లోపల్నుంచి కరీమాబీ అట్లకాడతో సహా వచ్చింది. "బంగారంలాంటి మనిషి ఎదురుగా కూర్చునుంటే నేను మొగుడు పోయినదానిలా కొంగు నెత్తినేసుకుని కూర్చోవాలా? ఏం మాటలండీ ఇవి?"

ఇరవై రెండేళ్ల కాపురంలో భార్య తనని బంగారం అనడం ఇమాంకి అదే మొదటిసారి. చచ్చినందుకు మొదటి లాభం అప్పుడే కనపడింది.

వీరేంద్ర గొంతు తగ్గించాడు. "అమ్మా, పట్టా."

కరీమాబీ అట్లకాడ కిందికి దించింది.

ఇళ్ల స్థలం పట్టా కోసం ఇమాం పన్నెండేళ్లుగా తిరుగుతున్నాడు. ఎనిమిది అర్జీలు పెట్టాడు. రెండు ప్రభుత్వాలు మారాయి. ఒక ప్రభుత్వం సర్వే నంబరు తప్పంది, ఇంకో ప్రభుత్వం సర్వేనే తప్పంది. రెండు సెంట్ల నేల, దాని మీద రేకుల గది, ముందు ఆటో పెట్టుకోవడానికి కాస్త చోటు. ఆ మొగుడూ పెళ్లాలు ఇంకేదీ ఎప్పుడూ కోరుకోలేదు.

"మీరు అధికారంలో లేరు గదండీ, పట్టా ఎట్లా ఇస్తారు?" అంది కరీమాబీ.

"లేనోళ్లు అడిగితేనే గదమ్మా ఉన్నోళ్లు భయపడి ఇచ్చేది. పెద్దాయన మీ గుమ్మంలో నిలబడి అడిగితే కలెక్టరు ఆఫీసు కదులుద్ది. పది మందిలో ఒక్క మాట, 'ఇల్లు కూడా లేదు బాబూ' అను చాలు."

"ఏడవాలా?"

"అక్కర్లేదు. ఏడుపు సంగతి ఆయన చూసుకుంటారు."

"మరి నేనెక్కడుండాలి?" అన్నాడు ఇమాం.

"రెండు గంటలు కనపడకుండా ఉంటే చాలు. ఊరికే ఉండటం ఎందుకులే, ఆటోలన్నీ జనాన్ని తోలడానికి మాట్లాడేశాం. మైకు కట్టడానికి బండి లేదు. నీది కట్టు."

కాబట్టి బుధవారం పొద్దుటి నుంచి ఇమాం ఆటో జగ్గయ్యపేట వీధులన్నీ తిరిగింది. వెనకాల ఇమాం నిలువెత్తు ఫ్లెక్సీ, దాని మీద 'అమరుడు ఇమాంకి జోహార్లు.' పైన మైకు: "నరమాంస భక్షకుల చేతిలో అసువులు బాసిన మన ఇమాంకి న్యాయం కోసం తరలిరండి!" స్టీరింగు దగ్గర ఇమాం. దారిలో కూరగాయల గంపతో ఆరోగ్యమ్మ చెయ్యెత్తింది. ఇమాం ఆపాడు.

"ఏం ఇమాం, పోయావంట గదయ్యా?"

"అవును పిన్నీ. జరిగి కూర్చో, ఫ్లెక్సీ చిరుగుద్ది."

ఆమె సర్దుకుని కూర్చుని, ఫ్లెక్సీ వంక చూసి నిట్టూర్చింది. "ఎంత మంచోడు. ఎప్పుడూ గొడవ పడకుండా గంప కూడా ఎక్కించుకునేవాడు."

ఇమాం ఎక్కడా ఆగకుండా ఆమెని సందు చివరిదాకా తీసుకెళ్లి దింపాడు.

గురువారం దశరథరామయ్య గారు ముప్ఫై కార్లతో వచ్చారు. కరీమాబీ నెత్తి మీద చెయ్యి వేసి, కెమెరాల వైపు తిరిగి, నాలుగు నిమిషాలు మాట లేకుండా నిలబడ్డారు. కరీమాబీ చెప్పమన్నట్టే, "ఇల్లు కూడా లేదు బాబూ" అంది. పెద్దాయన బొటబొటా కన్నీళ్లు కార్చారు. పేదల ఇంట్లో నేల మీద కూర్చుని వాళ్లు పెట్టింది తినడం ఆయన పరామర్శల్లో తప్పనిసరి అంశం. విస్తరి వేశారు. కరీమాబీ వేడివేడి అన్నం పెట్టి, పక్కన కాలేయం వేపుడు వేసింది. వచ్చినవాళ్లకి ఉన్నంతలో మంచిది పెట్టాలని పొద్దున్నే తెప్పించి చేసిందామె.

పెద్దాయన చెయ్యి గాల్లో ఆగింది.

"ఇదేంటి తల్లీ?"

"కాలేయం వేపుడు బాబూ. ఆ వీడియోలో వాళ్లు తిన్నారే, అదే. నేనే చేసా."

ఇరవై కెమెరాలు విస్తరి మీదికి వంగాయి. దశరథరామయ్య గారు పెదవులు కదలకుండా పక్కనున్న వీరేంద్రని అడిగారు. "మటనేనా?"

"మటనే సార్."

"ఏ కొట్టు?"

"సెంటర్లో కొట్టు సార్. నేను చూస్తుండగానే కొట్టించారు."

"మేక తలకాయ చూశావా?"

"చూశా సార్."

ఆయన కళ్లు మూసుకుని ముద్ద మింగారు. మళ్లీ బొటబొటా కన్నీళ్లు కారాయి. ఆ రోజు ఆయన మనస్ఫూర్తిగా ఏడ్చింది అప్పుడేనని దగ్గరగా చూసినవాళ్లందరూ ఒప్పుకుంటారు.

శుక్రవారం పొద్దున ఇమాంకి నందిగామ అతిథి గృహం నుంచి పిలుపొచ్చింది. పిలిచింది మంత్రి ఉమాకాంతం గారు. అధికారంలో ఉన్నది వాళ్ల పార్టీ. ఇమాంకి ప్రాణం లేచొచ్చింది. ప్రతిపక్షానికి తను చచ్చి ఉండాలి సరే, అధికారపక్షానికి తను బతికి ఉండాలి గదా. చావుకే పట్టా మాట వచ్చిందంటే బతుకుకి పట్టా చేతికే రావచ్చు.

వెళ్లేసరికి బయట ప్రెస్ వాళ్లు కూర్చుని ఉన్నారు. లోపల మంత్రి గారు ఇమాంని చూసి కుర్చీలోంచి లేచి వచ్చి కౌగిలించుకున్నారు. మంత్రి గారు ఒక ఆటో డ్రైవరుని ఎన్నికల నెల కాకుండా కౌగిలించుకోవడం ఆ అతిథి గృహం చరిత్రలో లేదు.

"బతికున్నావా తమ్ముడూ!"

"బతికున్నా సార్!"

"గట్టిగా చెప్పు!"

"బతికున్నా సార్!!"

"శభాష్. బయట అదే గొంతుతో చెప్పాలి. ఈ ప్రభుత్వంలో నన్నెవరూ తినలేదు, తినే ధైర్యం ఎవరికీ లేదు అను. నీకేం కావాలి?"

"ఇంటి పట్టా సార్."

"సోమవారం నీ చేతిలో ఉంటుంది. పద."

తలుపు దాకా వచ్చారు. అప్పటిదాకా మూలన కూర్చుని ఫోనులో 'క్వారీ విందు' మొత్తం చూస్తున్న పీఏ గబుక్కున లేచాడు. "సార్, ఒక్క నిమిషం. సినిమా చివర్లో తేదీ వేశాడు. ఇది తీసి ఎనిమిదేళ్లయింది."

"అయితే?"

"ఎనిమిదేళ్ల కిందట ప్రభుత్వం మనది కాదు సార్. వాళ్లది."

మంత్రి గారు తలుపు గడియ మీద నుంచి చెయ్యి తీశారు. ఇమాం భుజం మీద నుంచి కూడా తీశారు. వెనక్కి వచ్చి కూర్చున్నారు.

"అంటే ఇతన్ని వాళ్ల హయాంలో తిన్నారు."

"అవును సార్. మనం ఇతను బతికున్నాడని చెప్తే వాళ్లు తప్పించుకుంటారు."

"సార్, నన్నెవరూ..." అని మొదలుపెట్టాడు ఇమాం.

"నువ్వుండవయ్యా," అన్నారు మంత్రి గారు బాధగా. "ఎనిమిదేళ్లు. ఎనిమిదేళ్లుగా నీకు న్యాయం జరగలేదు. నీ భార్య ఎంత కుమిలిపోయిందో."

"సార్, నేను బతికే ఉన్నా సార్. ఇప్పుడే గద సార్ కౌగిలించుకున్నారు."

"అది నీ వ్యక్తిగత అభిప్రాయం తమ్ముడూ. గౌరవిస్తా. కానీ ప్రభుత్వం వ్యక్తుల అభిప్రాయాల మీద నడవదు గదా."

ఇమాంని వెనక తలుపు నుంచి పంపించేశారు. ముందు తలుపు నుంచి మంత్రి గారు వెళ్లి, గత ప్రభుత్వ హయాంలో ఒక నిరుపేద మైనారిటీ సోదరుణ్ణి క్వారీలో వండుకు తిన్న మాట వాస్తవమేనని, ఆ నిజాన్ని ఎనిమిదేళ్లు తొక్కిపెట్టిన దశరథరామయ్యే నిన్న వచ్చి మొసలి కన్నీరు కార్చాడని, తమ ప్రభుత్వం మాత్రం ఇమాం భార్యకి ప్రత్యేక కేటగిరీ కింద ఇంటి పట్టా ఇస్తోందని ప్రకటించారు.

గంటలో దశరథరామయ్య గారు జవాబిచ్చారు. "తినడం మా హయాంలో మొదలై ఉండొచ్చు. కానీ పూర్తయింది వీళ్ల హయాంలోనే. దమ్ముంటే చర్చకి రమ్మనండి."

ఆ రాత్రి టీవీలో చర్చ పెట్టారు. తినడానికి ఎనిమిదేళ్లు పడుతుందా అని యాంకరు అడిగితే, ఎముకల సంగతి ఇంకా తేలాల్సి ఉందని ఒక ప్రతినిధి అన్నాడు. పోలవరం దగ్గర్నుంచి ప్రత్యేక హోదా దాకా ఏ ఒక్క విషయంలోనూ కలవని రెండు పార్టీలూ, ఇమాంని తిన్నారనే విషయంలో మొట్టమొదటిసారి ఏకాభిప్రాయానికి వచ్చాయి. రాష్ట్ర చరిత్రలో ఇంతటి ఐక్యత సాధించిన ఆటో డ్రైవరు ఇంకొకరు లేరు.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. పన్నెండేళ్లు కదలని ఫైలు మూడు రోజుల్లో నాలుగు బల్లలు దాటింది. నందిగామలో ఆత్రేయ స్టూడియో ముందు జనం బారులు తీరారు. రెండో భాగం తీస్తే తమని తినమని వాళ్ల కోరిక. ఒక పెద్దమనిషి తనకి ఆటో లేదని, నడిచి పోతుండగా తిన్నట్టు కథ మార్చమని బతిమాలాడు. ఇంకొకామె తన మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చి, "మొదటి సీన్లోనే కానిచ్చెయ్యండి బాబూ, మళ్లీ మళ్లీ తిరగలేం" అంది. మొగుడు పక్కనే నిలబడి తలూపాడు.

ఇమాం పేరు రేషను కార్డులోంచి పోయింది. దానికతను బాధపడలేదు. కానీ బుధవారం పొద్దున కరీమాబీ అన్నం పెడుతూ చటుక్కున ఆగిపోయింది.

"ఏమయ్యా, పట్టా వస్తే... ఆ ఇంట్లో నువ్వుండొచ్చా?"

"ఎందుకుండకూడదు?"

"పట్టా భర్త పోయిన ఆడమనిషికంట. కాయితంలో అట్లా ఉంది."

కరీమాబీయే మళ్లీ అంది. "వద్దని చెప్పేద్దామా? పన్నెండేళ్లు ఉన్నట్టే ఉందాం."

ఇమాం కంచంలోకి చూస్తూ అన్నాడు. "మళ్లీ ఎవరు తింటారో, ఎప్పుడు తింటారో. వచ్చిందాన్ని ఎందుకు వదలడం? అయినా నువ్వు సంతకం పెడితే చాలు. నన్నెవరూ అడగరులే."

మధ్యాహ్నం తహసీల్దారు ఆఫీసు ముందు ఇమాం ఆటో ఎక్కింది రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వైదేహి గారు. ఇమాం ఇంటికే పోనివ్వమంది. నాలుగేళ్లుగా ఫీల్డు విచారణలకి ఆమె తిరిగేది ఈ ఆటోలోనే. దారి పొడుగునా ఎండ గురించి మాట్లాడింది. ఇల్లు రాగానే దిగి, ఫైలు తెరిచి, కరీమాబీ ఎదురుగా కుర్చీలో కూర్చుని గంభీరంగా మారిపోయింది.

"మృతదేహం లేదు కాబట్టి మరణ ధ్రువీకరణ ఇవ్వడం కుదరదు. తినేశారు గనక ఉండే అవకాశం కూడా లేదు. అందుకని పంచనామా రాస్తున్నా. ఇద్దరు సాక్షులు కావాలి. ఘటన స్వయంగా చూసినవాళ్లు."

నిసార్ వచ్చాడు. సినిమాలో కుడి వైపు నుంచి మూడో నరభక్షకుడు అతనే. చూశానని సంతకం పెట్టాడు. రెండో సాక్షి కోసం చూస్తే పక్కింటివాళ్లు పెళ్లికి కోదాడ వెళ్లారు. మిగతా నరభక్షకులు పనుల్లో ఉన్నారు. వైదేహి గారు గడియారం చూసుకుంది. మూడింటికి ఆమెకి రెడ్డిగూడెంలో ఇంకో విచారణ ఉంది. గుమ్మం బయటికి చూసింది.

"ఆటో బాబూ, నువ్వు చూశావా?"

ఇమాం ఆటో దిగి గుమ్మం దాకా వచ్చాడు. "చూశానండీ. దగ్గర్నుంచే చూశా."

"అయితే ఇక్కడ సంతకం పెట్టు."

పెన్ను పట్టుకుని ఇమాం ఆగిపోయాడు. "మేడమ్, ఏం పేరు పెట్టమంటారండీ?"

"నీ పేరే పెట్టు. ఇమాం అనే పేరు ఈ ఊళ్లో ఎంతమందికి లేదు?"

ఇమాం తలెత్తి కరీమాబీ వంక చూశాడు. కరీమాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వంక చూస్తోంది. ఇమాం సంతకం పెట్టాడు. పన్నెండేళ్లలో ఎనిమిది అర్జీల మీద పెట్టిన సంతకమే, గుండ్రంగా.

వైదేహి గారు కాగితం తీసుకుని, చూసి, మళ్లీ అతని ముందు పెట్టింది. "ఈ గడి వదిలేశావు. మృతుడితో సంబంధం. ఇది నింపకపోతే ఫైలు వెనక్కి వస్తుంది."

ఇమాం చాలాసేపు ఆలోచించాడు. తర్వాత వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు.

'ముఖపరిచయం.'